మన కథ ఎక్కడ మొదలుపెట్టాలి? (9వ భాగం)

చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు: "అన్నా, నా కథ రాసుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టను?"

పుట్టినతేదీ దగ్గర మాత్రం వద్దు. మనలో చాలామందికి అది బళ్లో పంతులు వేసిన తేదీయే. మీ ఇంటి నుంచి నీళ్ల దాకా ఉన్న దారి రాయండి. బావి ఎవరిది? ఎవరు తోడిపోస్తే మీ అమ్మ బిందె నిండింది? ఎంతసేపు నిలబడింది? టీ కొట్లో మీ నాన్న గ్లాసు ఎక్కడుండేది? కథ అక్కడ దానంతటదే నడుస్తుంది.

బాబాసాహెబ్ 'వీసా కోసం నిరీక్షణ' చూడండి. అందులో డిగ్రీల లెక్క లేదు. అంటరానితనం అంటే ఏమిటో తెలియనివాడికి ఎలా చెప్పాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబయ్యే సంగతులే ఏరి పెట్టాడు. తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ, రాత్రంతా నీళ్లు దొరక్క అలమటించారు. అదే పిల్లవాడు విదేశాల్లో చదివొస్తే, బరోడాలో పార్సీ సత్రం నుంచి 11వ రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఉన్న 6 భాగాల్లో 4 తనవి. మిగతా 2 వేరేవాళ్లవి. వైద్యుడు ముట్టుకోక చనిపోయిన బాలింతది ఒకటి, ఊరివాళ్లు బెదిరించిన చిన్న ఉద్యోగిది ఒకటి. మన 'నేను'లో వాడంతా ఉంటుంది.

అసలు చిక్కు కూడా అక్కడే. ఒక చెల్లెలు వాళ్లమ్మ కథ రాసింది. తమ్ముడు నగరంలో కులం చెప్పకుండా ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. "నీకు పేరొస్తుందక్కా, నాకు ఇల్లు పోతుంది" అన్నాడట. వాడిని పిరికివాడు అనకండి. సిగ్గుపడాల్సింది ఖాళీ చేయించే ఓనరు. బతికున్న మనవాళ్ల పేర్లు మార్చండి, ఆనవాళ్లు మార్చండి. జరిగింది మాత్రం మార్చకండి. ఇంకా ఒప్పుకోకపోతే అచ్చు ఆపండి, రాయడం ఆపకండి. బాబాసాహెబ్ రాత కూడా ఆయన పోయిన 34 ఏళ్లకు, 1990లో పుస్తకమైంది. కాగితం ఎదురుచూడగలదు.

అమ్మ ఎదురుచూడలేదు. ఈ ఆదివారమే ఫోను రికార్డింగులో పెట్టి కూర్చోండి. "కష్టాలు చెప్పమ్మా" అంటే "ఏముంది చెప్పడానికి" అంటుంది. "మొదటి కూలి ఎంతిచ్చారు? దేంతో కొలిచారు? చేతికిచ్చారా, కొంగులో పోశారా?" అని అడగండి. ఇక మీరు మాట్లాడకండి.

జై భీమ్.
(ఇంకా ఉంది)