చాయ్ మాదీ, కాఫీ మీదీనా?

మమ్మల్ని గుర్తుపట్టడానికి ఈ తెలుగు నేల మీద కొన్ని గుర్తులు ఎప్పుడో ఖాయం చేసిపెట్టారు. గడ్డం, టోపీ, బుర్ఖా, బిర్యానీ, చాయ్. సినిమాలో సాయిబు వస్తే వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు. కథలో సాయిబు వస్తే సాసర్లో చాయ్ పోసుకుని జుర్రుకుంటాడు. కాఫీని మాత్రం మాకు ఇవ్వలేదు. కాఫీ అంటే వాకిట్లో ముగ్గు, వంటింట్లో ఫిల్టరు, ఇత్తడి గ్లాసు, చేతిలో పేపరు. తెలుగిల్లంటే ఇదీ అని రాసుకున్నారు. ఆ ఇంట్లో మేం లేం.

ఇది మాకు బందరు వెళ్లినప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. అయితే బందరు సంగతి చెప్పాలంటే ముందు బోధన్ సంగతి చెప్పాలి.

మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్ల వెనకే కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చారు. వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల క్యాంపులు వెలిశాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. ఆ క్యాంపులవాళ్ల వెంట మా ఇలాఖాకు కాఫీ కూడా వచ్చింది. అంతకుముందు నిజామాబాద్ గాంధీ చౌక్‌లోనైనా, బోధన్ బస్టాండు దగ్గరైనా చాయే.

క్రషింగ్ సీజన్‌లో బోధన్ చాయ్ హోటళ్లు చూసినవాళ్లకు వాటి సంగతి తెలుసు. సైరన్ మోగితే ఒక షిఫ్టు దిగేది, ఇంకో షిఫ్టు ఎక్కేది. గాలి నిండా మొలాసిస్ వాసన. బాయిలర్ దగ్గర పనిచేసే ఖాదర్లూ, చెరుకు బండ్లు తోలే మల్లయ్యలూ, క్యాంపు నుంచి పర్మిట్ కోసం వచ్చిన చౌదరిగార్లూ ఒకే బెంచీ మీద. బల్ల మీద 'సియాసత్' ఉండేది, పక్కన తెలుగు పేపరుండేది. ఉర్దూ పేపరు చదివేవాళ్లంతా ముస్లింలే అనుకునేరు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న రెడ్డిగార్లు, పటేళ్లు దాన్ని మాకంటే ముందు లాక్కునేవాళ్లు. "ఏక్ మే దో" అని కేకేస్తే ఒక చాయ్ రెండు ప్యాలీల్లోకి వచ్చేది. ఆ రెండో ప్యాలీ ఎవరికని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆ ప్యాలీలో ఏముందో ఆలోచించండి. కోస్తా రైతు పండించిన చెరుకు. మంజీరా నీళ్లు. దళితుల, ముస్లింల, బీసీల చేతుల మీద తయారైన శక్కర్. అస్సాం ఆకు. మా ఊరి బర్రెపాలు. ఇందులో ఎవరి మతం ఎన్ని చెంచాలో లెక్కగట్టమనండి.

ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు పెట్టారు. సైరన్ ఆగింది. జీతాలు పోయినయి, క్వార్టర్లు పాడుపడినయి. వీటి గురించి పేపర్లలో రాశాం, రాస్తూనే ఉన్నాం. రాయనిది ఆ బెంచీ గురించి. ఒకరికొకరు పేరు అడక్కుండా కూర్చునే చోటు ఒకటి మా ఇలాఖాలో పోయింది.

ఇక బందరు. "కాఫీ అంటే మా వైపు కాఫీ అండీ, మీ చాయ్‌దేముంది" అని క్యాంపు దోస్తులు ఎన్నేళ్లుగానో ఊరిస్తున్నారు. గోల్కొండ సుల్తానుల రేవుపట్నం చూడాలని మాకూ ఉండేది. ముగ్గురం బయల్దేరాం. ఇద్దరం నిజామాబాద్ వాళ్లం, ఒకరు శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగినవారు. సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కితే పొద్దున బందరు.

కోనేరు సెంటర్ దగ్గర మొదటి కాఫీ తాగాం. నిజం చెప్పాలి, దోస్తుల మాట అబద్ధం కాదు. చిక్కటి డికాక్షన్, పొంగుతున్న పాలు, గ్లాసు నుంచి గిన్నెలోకి జానెడు ఎత్తున తిరగబోత. మా చాయ్ మరిగిమరిగి చిక్కబడుతుంది. ఈ కాఫీ అప్పటికప్పుడు కలుస్తుంది. దాని రుచి దానిది, దీని రుచి దీనిది. లడ్డూ కూడా తిన్నాం.

రెండో హోటల్లో గల్లాపెట్టె దగ్గర పెద్దాయన ఆప్యాయంగా పలకరించారు.

"ఏ ఊరండీ మనది?"

"నిజామాబాద్ అండీ."

"అలాగా! మా పెద్దమ్మగారి పిల్లలు బోధన్ దగ్గర క్యాంపులోనే ఉంటారండీ. చెరుకు రైతులు. కూర్చోండి, కూర్చోండి."

రెండో విడత కాఫీ డబ్బుల్లేకుండా వచ్చింది. కాలువల గురించి, మూతబడ్డ ఫ్యాక్టరీ గురించి అరగంట మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు పేర్లడిగారు. చెప్పాం. ఆయన ఒక్క క్షణం ఆగారు.

"అరె! తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!"

మర్యాదగానే అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. అరగంట నుంచీ మేం మాట్లాడింది అదే తెలుగు. అప్పటిదాకా అది ఆయనకు బాగా కనపడలేదు, మామూలుగానే ఉంది. పేరు చెప్పేవరకు మేం బోధన్ వాళ్లం, ఆయన చుట్టాల ఊరివాళ్లం. పేరు చెప్పాక ముస్లింలమయ్యాం. ఇల్లు కిరాయికి అడిగినప్పుడు, బ్యాంకులో అప్పుకు పోయినప్పుడు ఇదే క్షణం మాకు ఎదురవుతూనే ఉంటుంది. 1992 డిసెంబరు 6 తర్వాత ఆ క్షణం మరింత పొడుగైంది. తిట్టినవాడికి జవాబు చెప్పొచ్చు. మెచ్చుకున్నవాడికి ఏం చెప్పాలి?

మధ్యాహ్నం ముస్లింల గల్లీలో ఒక చాయ్ బండి దగ్గర ఆగాం. సలాం చెప్పి ఉర్దూలో మాట్లాడితే ఆయన నవ్వారు. "భాయ్, మీది నైజాం ఉర్దూ. మా ఇంట్లో సగం తెలుగేనండీ" అన్నారు. అక్కడ కూడా కొలతలున్నాయి. కోస్తా ముస్లింలను "తెలుగు సాయిబులు" అని చిన్నచూపు చూసే అలవాటు మా తెలంగాణ ముస్లింలలో లేదంటే అబద్ధం. మెజారిటీకి తెలుగు వస్తే వింతయ్యాం, మనలో మనం తెలుగు వస్తే తక్కువయ్యాం. ఈ రెండో కొలతను పారేయాల్సింది మనమే.

సాయంత్రం బందరు కోట వైపు పోయాం. ఈ రేవులో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు. వాళ్లకు ముందే ఇరానీ సౌదాగర్లున్నారు. గోల్కొండ ఓడలు ఇక్కడి నుంచే సరుకులతో, హజ్ యాత్రికులతో ఎర్రసముద్రం వైపు పోయేవి. అవి ఆగే రేవుల్లో యెమెన్‌లోని మోఖా ఒకటి. కాఫీకి లోకమంతా పేరు తెచ్చింది ఆ మోఖాయే. కాఫీ అన్న మాటకు మూలం అరబ్బీ 'ఖహ్వా'. రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా యెమెన్ సూఫీలు తాగిన పానీయం అది. పదిహేడో శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల మీద నాటాడని చెబుతారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుకున్న ఆయన దర్గా మీద 1990ల నుంచి గొడవ రాజేశారు. గింజ తెచ్చినవాడి గడప దగ్గరే తగాదా!

మరి మాకు అంటగట్టిన చాయ్? అస్సాంలో ఇంగ్లీషువాళ్లు తోటలు వేసి, ప్రచారం చేసి మన దేశానికి అలవాటు చేసింది అది. మాదన్నది దొరలది, మీదన్నది ఒక హాజీది.

కాఫీ మాదేనని దావా వేయడానికి ఇది చెప్పడం లేదు. కాఫీని మొదట మనవాళ్లే బతకనివ్వలేదు. మక్కాలో 1511లో ఖైర్ బేగ్ అనే అధికారి దాన్ని నిషేధించాడు. లండన్‌లో రెండో చార్లెస్ రాజు 1675లో కాఫీ హౌసులు మూయమన్నాడు, జనం గోల చేస్తే కొద్దిరోజుల్లోనే తగ్గాడు. రాజుల భయం కషాయం మీద కాదు. దాని చుట్టూ చేరి మాట్లాడే మనుషుల మీద. మనుషులు కలిసి కూర్చుంటే ఏమవుతుందో రాజులకు తెలుసు. మనకే తెలియడం లేదు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో దళితులకు గ్లాసు వేరు. ఆ రెండు గ్లాసుల పద్ధతి ముందు చాయ్‌కి, కాఫీకి తేడా లేదు.

మా చాయ్ హోటల్ గొప్ప చెప్పుకున్నాం కదా, దానికీ ఒక లెక్క ఉంది. ఆ బెంచీ మీద మా అమ్మలు, అక్కలు ఏనాడూ కూర్చోలేదు. వాళ్లకు చాయ్ కేత్లీలో ఇంటికొచ్చేది. ఇప్పుడు నిజామాబాద్‌లో అద్దాల కాఫీ షాపులు వచ్చాయి. ధర ఎక్కువ, పేపరు ఉండదు, చెరుకు బండివాళ్లు లోపలికి రారు. అయినా సాయంత్రం కాలేజీ వదిలాక బుర్ఖాల్లో మా ఆడపిల్లలు అక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నారు. పక్క బల్ల దగ్గర వాళ్ల హిందూ స్నేహితురాళ్లు. తెలుగులోనే నవ్వుకుంటున్నారు. మా పెద్దలకు అది నచ్చడం లేదు, బయట కొందరికీ నచ్చడం లేదు. ఆ పిల్లల్ని అక్కడ కూర్చోనివ్వండి. వాళ్ల తెలుగును మెచ్చుకోకండి.