మూడవ రెప్ప

సికింద్రాబాదు నుంచి కరీంనగరం రోడ్డున పోతే శామీర్‌పేట వస్తుంది. చెరువు చూడవచ్చేవారు సాధారణంగా సాయంత్రం వస్తారు. నేను ప్రొద్దుటే వెళ్ళాను. పిట్టల్ని చూడాలంటే అదే మంచి వేళ.

కట్ట మీద నిలుచున్నాను. నలుపు తెలుపుల లకుముకి పిట్ట ఒకటి నీటికి పైన గాలిలోనే ఆగి, రెక్కలు కొట్టుకుంటూ, క్రిందికి చూస్తున్నది. చూస్తూ చూస్తూ రాయిలాగా పడింది. లేచేసరికి ముక్కున చేప! అంత వేగంతో నీళ్ళను కొట్టినా దాని కంటికేమీ కాలేదు. పై రెప్ప, క్రింది రెప్ప కాక దానికి మూడవ రెప్ప ఒకటి ఉన్నది. ముక్కువైపు మూల నుంచి పలుచని తెరలాగా వచ్చి కంటిని కప్పుతుంది. నిమేషక పటలమని దాని శాస్త్రీయ నామం.

పట్టుబడిన చేపకు మాత్రం ఏ రెప్పా లేదు. సంస్కృతంలో చేపకు అనిమిషమని పేరు. దేవతలూ అనిమిషులే, వారికి కంట్లో నలుసు పడే బెడద లేదు కాబోలు!

గట్టున వల సర్దుకుంటున్న పెద్దమనిషితో, సముద్రంలో కొన్ని సొరచేపలకు రెప్పలున్నాయన్నాను.

"చేపకు రెప్పలేంది సారూ!" అని నవ్వాడు.

ఉన్నాయి మరి. పులి సొర, సుత్తి తల సొర వంటివాటికి మూడవ రెప్ప క్రింది నుంచి పైకి లేస్తుంది. ఎరను కరిచే క్షణాన కంటిని మూసేస్తుంది. ఎర ఊరుకుంటుందా? గిలగిల తన్నుకుంటుంది, ముల్లు పొడుస్తుంది. లోకమంతా జడిసే తెల్ల సొరకు ఆ రెప్ప లేదు. అది కనుగుడ్డునే వెనక్కు త్రిప్పుకుంటుంది. ఆ చివరి క్షణంలో అది కంటితో చూడదన్నమాట. ఎర ఒంటి నుంచి వచ్చే సన్నని విద్యుత్తును ముట్టె మీది రంధ్రాలతో పసిగడుతుంది.

తిమింగల సొర సంగతి ఇంకా చిత్రం. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి వచ్చి చిక్కుకున్న దానిని తిరిగి సముద్రంలోకి పంపారు, అదే జాతి. దాని కనుగుడ్డు మీదనే పళ్ళవంటి సూక్ష్మమైన పొలుసులున్నాయని 2020లో జపాను పరిశోధకులు ప్రకటించారు. అవసరమైతే కంటిని తలలోకి లాక్కుంటుంది కూడా.

మరి మనకో? అద్దంలో చూచుకోండి. కంటి మూలన, ముక్కు ప్రక్కన, ఎర్రని చిన్న మడత కనిపిస్తుంది. మూడవ రెప్పలో మనకు మిగిలింది అంతే.

మధ్యాహ్నానికి ఆటోలో మేడ్చల్ చేరాను. రోడ్డు ప్రక్క ఒక షెడ్డులో ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఇనుప గేటుకు వెల్డింగు చేస్తున్నాడు. కళ్ళకు ఏమీ లేదు. మెరుపు వెలిగినప్పుడల్లా ముఖం ప్రక్కకు త్రిప్పుకుంటున్నాడు, అచ్చంగా తెల్ల సొరలాగే.

"మంట పుట్టదా బాబూ?"

"ఇప్పుడేం కాదు సార్. రాత్రికి కండ్లల్ల ఇసుక పోసినట్లుంటది."

ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. బాధ కొన్ని గంటలు పోయాక గాని తెలియదు. మామూలు రెప్ప ఎంత చప్పున వాలినా అప్పటికే కొంత వెలుగు లోపలికి పోయి ఉంటుంది.

"అద్దాలు లేవా?"

"ఎందుకు లేవు?" అని యజమాని మేకుకు వ్రేలాడుతున్న నల్ల అద్దాలు తీసి ఇచ్చాడు. "పెట్టుకోమంటే పెట్టుకోడు."

పెట్టుకుని చూచాను. నిండా గీతలు. వెల్డింగు మెరుపు మసక మచ్చలాగా కనిపించింది. అతుకు ఎక్కడున్నదో నాకు తెలియలేదు.

"వీటితో ఎట్లా అతుకుతాడండీ?" అన్నాను.

ఆయన తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, తన కళ్ళకు పెట్టుకున్నాడు. గేటు వైపు చాలాసేపు చూచాడు. "కొత్తయి తెస్తలేరా, సోమారం," అన్నాడు కుర్రవాడితో.