నాలుగో గేరు, అమ్మ కాలు

మన సిలబస్‌లో టార్క్ అంటే ఒక అంకె. బలాన్ని దూరంతో గుణించి, పక్కన న్యూటన్ మీటర్ అని రాస్తే మార్కులు పడిపోతాయి. ల్యాబ్‌లో ఇంజిన్లు కూడా చాలా బుద్ధిమంతులు. బాడీని బెడ్‌కి బిగించేసి ఉంటారు, షాఫ్ట్‌ని డైనమోమీటర్ పట్టుకుని ఉంటుంది. మనం వెళ్లి రీడింగ్ రాసుకుని రావడమే. ఇంటి ముందు కారు విప్పి కూర్చున్నప్పుడే అసలు ప్రశ్న వస్తుంది: ఇటు నేను తిప్పుతుంటే, అటు తిరక్కుండా పట్టుకునేదెవరు?

మాది మేడ్చల్ మండలం రావల్కోల్. ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మారుతి 800. మొదటి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో, తయారీ ఆగిపోయింది 2014లో. అంబాసిడర్ కూడా అదే ఏడాది ఆగింది. కారు ప్రియులకి ఇదంతా పాత జ్ఞాపకం కావచ్చు. మాకైతే అది వారానికి మూడు రోజుల డ్యూటీ బండి. సోమ, బుధ, శుక్రవారాలు నానమ్మకి సికింద్రాబాద్‌లో డయాలసిస్. పొద్దున అయిదింటికి బయల్దేరాలి. పోయేటప్పుడు ఎలాగో కూర్చుంటుంది గానీ, వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకోవాల్సిందే. బస్సు, బైకు రెండూ కుదరవు.

అలాంటి బండికి క్రాంక్ షాఫ్ట్ ముందు వైపు ఆయిల్ సీల్ పోయింది. సీల్ అంటే చిన్న రబ్బరు రింగు, పెద్ద ఖరీదేం కాదు. కానీ అక్కణ్ణుంచి కారిన నూనె టైమింగ్ బెల్టుకి అంటితే బెల్టు పాడవుతుంది. బెల్టు తెగితే కొంపల్లి దగ్గరో సుచిత్ర దగ్గరో, ఎక్కడుంటే అక్కడే బండి ఆగుతుంది, వెనక సీట్లో నానమ్మతో సహా. షెడ్డులో అడిగితే రెండు మూడు రోజులు వదిలిపెట్టమన్నారు. మాకున్నది శనివారం, ఆదివారం. బాపు లారీ మీద క్లీనర్‌గా మొదలై, కొన్నాళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపిన మనిషి. “మనమే ఇప్పుదాం” అన్నాడు.

విప్పడం శనివారమే అయిపోయింది. క్రాంక్ చివర మధ్యలో ఉండే పెద్ద బోల్టు అది. నేను బ్రేకు మీద ఉంటే, బాపు పానాకి పొడుగు పైపు తొడిగి ఒక్క గుంజు గుంజాడు, ఊడొచ్చింది. కొత్త సీల్ కూడా కూర్చుంది. బిగించడం అలా ఒక్క గుంజుతో తేలదు. టార్క్ రెంచ్ టిక్కుమనే దాకా ఆపకుండా, మెల్లగా లాగాలి. పైగా ఆ బోల్టు బిగిసే దిశ, ఇంజిన్ తిరిగే దిశ ఒకటే. నువ్వు లాగుతుంటే క్రాంక్ హాయిగా నీతోపాటే వచ్చేస్తుంది.

(ఇక్కడి నుంచి సీఎస్ఈ వాళ్ల కోసం కొంచెం నెమ్మదిగా చెప్తాను.)

ఫ్లైవీల్ పళ్ల మధ్య పేచ్‌కస్ దూర్చి ఆపడం చాలామంది మిస్త్రీలు చేసే పని. పన్ను విరగొచ్చు, గేర్‌బాక్స్ అల్యూమినియం కేసింగు పగలొచ్చు. ఇంకో పద్ధతి, ప్లగ్ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి నైలాన్ తాడు దించడం. పిస్టన్ పైకొచ్చి తాడుని నొక్కి ఆగిపోతుంది. తెలివైనదే గానీ, ఆ సమయానికి వాల్వులు మూసుకుని లేకపోతే వంగుతాయి. బాపు రెండిటికీ ఒప్పుకోలేదు. “పోతే ఒక్క బోల్టే పోదు” అన్నాడు.

మరి గేర్లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగితే సరిపోదా? అంబాసిడర్ అయితే సరిపోయేది. అందులో ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలని, హ్యాండ్ బ్రేకు పట్టేదీ వాటినే. 800లో ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలని. హ్యాండ్ బ్రేకు మాత్రం వెనకే ఉంది! అది బండిని ఆపుతుంది, ఇంజిన్‌ని కాదు. పైగా మేం పనిచేసే వైపు ముందు చక్రం తీసేసి స్టాండు మీద ఉంచాం. డిఫరెన్షియల్ పుణ్యాన ఆ వైపు హబ్బు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి కాలి బ్రేకు ఒక్కటే దారి. గేరు కూడా టాప్ గేరు. ఫస్ట్‌లో పెడితే మనం వేసే టార్క్ సుమారు పదిహేను రెట్లయి బ్రేకుల దగ్గరికి చేరుతుంది, నాలుగో గేరులో సుమారు నాలుగు రెట్లే. ఫస్ట్ గేరే గట్టిగా పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. బండిని వాలులో ఆపడానికి ఆ మాట నిజం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

ఒకరు రెంచ్ లాగాలి, ఒకరు సాకెట్ జారకుండా అదిమి పట్టాలి. ఇద్దరం చక్రం దగ్గరే ఉండాలి. బ్రేకు మీదికి అమ్మని పిలిచాం.

అమ్మ డ్రైవర్ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. చెయ్యి పిండిలో ఉంటే కడుక్కుని వచ్చింది. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకుకి వాక్యూమ్ సాయం ఉండదు, పెడల్ రాయిలా ఉంటుంది. ఆమె మోకాళ్లు అంతంత మాత్రం. సీటు ముందుకి జరిపి, వీపు ఆనించి, రెండు కాళ్లూ కలిపి తొక్కింది.

“నేను ఇడిస్తె ఏమైతది?”

“ఇంజిన్ తిరుగుతదమ్మా, బోల్టు బిగుసుకోదు.”

కొంచెంసేపు ఆలోచించింది. “ఇసుర్రాయికి కింది రాయి లెక్కనన్నట్టు” అంది.

మా ప్రొఫెసర్ మూడో సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంతవరకు చెప్పలేదు.

లాగడం మొదలుపెట్టాను. మొదట ఇంజినే రబ్బరు మౌంట్ల మీద కొంచెం ఒరిగింది, తర్వాత గేర్లలో ఉన్న సందు తీరింది. ఆ రెండూ అయ్యాకే బోల్టు బరువు చేతికి తెలిసింది. బాపు “ఇడవకు, ఇడవకు” అంటున్నాడు, నాతోనో అమ్మతోనో తెలీదు. లోపల్నుంచి అమ్మ ఊపిరి వినిపిస్తోంది. టిక్.

“ఇడువాల్నా?”

“ఆగు” అన్నాడు బాపు. బోల్టు తల మీంచి పుల్లీ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాడు. బోల్టు ఎప్పుడైనా కదిలితే గీత విరిగి కనిపిస్తుందట. గీసి, ఒకసారి ఊది, అప్పుడు సరేనన్నాడు. అమ్మ దిగి గేటు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ పిండి దగ్గరికి వెళ్లింది.

ఆ రాత్రి ఇంజిన్ కాసేపు నడిపి, కింద అట్టముక్క పరిచి పెట్టాను. సోమవారం నాలుగున్నరకి టార్చ్ వేసి చూస్తే పొడిగా ఉంది. నానమ్మకి ఇవేమీ తెలియవు. వెనక సీట్లో కూర్చుని, “అద్దం కొంచెం దించురా, గాలి రావాలె” అంది.