ఆవాజ్ ఆరీ, బాతాఁ నై ఆరే

రెండేళ్లుగా మా అమ్మీది ఒకటే షికాయత్. టీవీ ముందు కూర్చుంటే చాలు, "ఆవాజ్ ఆరీ బేటా, బాతాఁ నై ఆరే" అనేది. శబ్దం వస్తోంది, మాటలు రావట్లేదు అని. మేమంతా సరే సరే అని తలూపేవాళ్లం. డెబ్బై దాటిన మనిషి, చెవులు మందగించాయి, ఉమర్ కా తఖాజా అనుకున్నాం. మనుషులు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడమే నా నౌకరీ. కానీ సొంత తల్లి అన్నన్నిసార్లు అన్న మాటను ఒక్కసారైనా ఉన్నదున్నట్టు వినలేదు.

మా ఇల్లు శ్రీరంగాపూర్‌లో. వనపర్తి జిల్లా అనగానే అందరికీ గుర్తొచ్చే రంగనాయకస్వామి గుడి ఉన్న ఊరే. తెల్లవారుజామున గాలి నిలిచిపోయినప్పుడు చెరువు మీదుగా గుడి గంట, మసీదు నుంచి ఫజర్ అజాన్ రెండూ మా దాలాన్ దాకా సాఫ్‌గా వస్తాయి. అజాన్‌కి ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మీనే. ఈ ముచ్చట ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో చిన్న ఫ్లాట్‌కి మారినప్పుడు నా హోమ్ థియేటర్ సెట్టు ఊరికి తెచ్చి పెట్టాను. ఒక రిసీవర్, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, ఒక సబ్ వూఫర్. 5.1 అంటారు దాన్ని. అమ్మీ ఖుష్ అవుతుందనే తెచ్చాను. చిన్నప్పుడు మా ఇంట్లో మర్హూమ్ అబ్బా రేడియో ఒక్కటే ఉండేది. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా రోజుల నుంచి హైదరాబాద్ ఆకాశవాణి ఉర్దూ ప్రోగ్రామ్ నైరంగ్ దాకా అమ్మీ దాని పక్కనే కూర్చుని విన్నది. ఆ రేడియోకి ఒక్కటే స్పీకర్. పాటైనా మాటైనా అందులోంచే రావాలి.

కొత్త సెట్టు పెట్టిన మొదట్లో బాగానే ఉండింది. తర్వాత అమ్మీ రిమోట్ పట్టుకుని సౌండ్ పెంచడం మొదలుపెట్టింది. సీరియల్లో మ్యూజిక్ వచ్చినప్పుడల్లా గోడలు దడదడలాడేవి. "అమ్మీ, కాన్ ఫట్‌రే" అని తమ్ముడు విసుక్కునేవాడు. పిల్లలు ఫోన్లు తీసుకుని వేరే గదిలోకి పోయేవాళ్లు. కొన్నాళ్లకి అమ్మీ సౌండ్ పెంచడం మానేసింది. ఆపైన అడగడమూ మానేసింది. బొమ్మలు చూస్తూ తస్బీహ్ తిప్పుకునేది. ఎవరేమన్నా "హౌ బేటా" అనేది.

అసలు నష్టం అక్కడ మొదలైంది. తమ్ముడి కూతురికి రిష్తా వచ్చింది. దస్తర్ఖాన్ చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నాం. పిల్లవాడి చదువు, ఖాందాన్, లేన్‌దేన్, నిఖా ఎప్పుడు, అన్నీ వచ్చాయి. అమ్మీ అక్కడే ఉంది. చివర్లో తమ్ముడు గట్టిగా "క్యా బోల్తే అమ్మీ?" అన్నాడు. "హౌ, అచ్ఛా హై" అన్నది. ఇంటికి పెద్ద రాజీ అయిందని మేం ఇత్మినాన్ పడ్డాం. మా మాటల్లో ఆమెకు ఎన్ని అందాయో ఎవరమూ అడగలేదు.

మొన్న సెలవులో మొఘల్-ఎ-ఆజం డిస్కు పట్టుకెళ్లాను. 1960లో వచ్చిన సినిమాను 2004లో రంగులద్ది, సౌండ్‌ని కూడా డాల్బీ డిజిటల్‌లోకి మార్చి మళ్లీ రిలీజ్ చేశారు కదా, అది. ఇషా తర్వాత పెట్టాను. నౌషాద్ సంగీతం రెండు పక్కల నుంచి కమ్మేసింది. దర్బార్ సీను వచ్చింది. పృథ్వీరాజ్ కపూర్ పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. ఆ గొంతు అలా ఉండటమేంటి! అప్పుడు తట్టింది. అమ్మీ రెండేళ్లుగా చెప్తున్నది ఇదే. ఆవాజ్ ఆరీ, బాతాఁ నై ఆరే.

రిసీవర్ మెనూలో టెస్ట్ టోన్ అని ఉంటుంది. ఒక్కో స్పీకర్ నుంచి వంతులవారీగా బుస్సుమనే చప్పుడు వస్తుంది. ఎడమ పక్క వచ్చింది. మధ్యది ఖామోష్. కుడి పక్క వచ్చింది. పవర్ తీసి టీవీ అల్మారా జరిపి చూస్తే మధ్య స్పీకర్ వైరు ఊడిపోయి గోడకి ఆనుకుని ఉంది. దాని మీద సున్నం చుక్కలు. రెండేళ్ల క్రితం రంజాన్ ముందు ఇంటికి సున్నం వేయించాం. అల్మారా జరిపినప్పుడు ఊడిందన్నమాట.

విషయం ఏంటంటే, 5.1లో డైలాగుల్లో ఎక్కువ భాగం మధ్య స్పీకర్‌కే పోతుంది. మామూలు స్టీరియో సీరియల్‌ని కూడా సరౌండ్ మోడ్‌లో పెడితే రిసీవర్ రెండు పక్కలా సమానంగా ఉన్న శబ్దాన్ని, అంటే ముఖ్యంగా మాటల్ని, ఏరి మధ్యకు పంపుతుంది. మధ్య స్పీకర్ ఉందని మెనూలో రాసి ఉంది కాబట్టి అది తన పని తాను ఈమాన్‌దారీగా చేసింది. మాటలన్నీ తెగిన వైరు దాకా వెళ్లి ఆగిపోయాయి. స్పీకరే లేకపోతే మెనూలో 'లేదు' అని పెట్టాలి. అప్పుడు మాటలు రెండు పక్కల స్పీకర్లకీ పంచుతుంది.

ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు వైరు బిగించాను. అల్మారా లోపలికి దాక్కున్న స్పీకర్‌ని ముందుకు లాగి, దీవాన్ మీద కూర్చున్న అమ్మీ ముఖం వైపు కొంచెం ఎత్తి పెట్టాను. మధ్య స్పీకర్ లెవల్ 3 డెసిబెల్స్ పెంచాను. స్పీకర్లన్నిటినీ 'స్మాల్' చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను, అంటే అంతకన్నా బరువైన శబ్దాలు సబ్ వూఫర్ చూసుకుంటుంది. దూరాలు చూస్తే నవ్వొచ్చింది. రిసీవర్ ఇంకా హైదరాబాద్ ఫ్లాట్‌లోనే ఉన్నాననుకుంటోంది. టేపుతో కొలిచి ఈ దాలాన్ లెక్కలు ఎక్కించాను. నైట్ మోడ్ ఆన్ చేశాను. అది పెద్ద చప్పుళ్లను అణచి చిన్న మాటలను పైకి తెస్తుంది.

చివరిది లిప్ సింక్. టీవీ బొమ్మను తయారుచేసుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, అందుకే ఒక్కోసారి మాట ముందు, పెదవి వెనక అవుతుంది. మనకి పెద్దగా తేడా తెలియదు. కానీ వినికిడి తగ్గినవాళ్లు తమకు తెలియకుండానే పెదాలు చదువుతుంటారు. వాళ్లని ఆ చిన్న తేడా తికమక పెడుతుంది. శబ్దాన్ని కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ పెదాలకు కలిపాను.

అమ్మీ చెవులకు ఏమీ కాలేదని కాదు. తర్వాత వనపర్తిలో డాక్టరుకి చూపించాం. సన్నటి, పదునైన శబ్దాల దగ్గర గీత కిందికి జారింది. వయసుతో చాలామందికి ముందు తగ్గేవి అవేనట. అచ్చుల బలం బరువైన శబ్దాల్లో ఉంటుంది, అవి వినిపిస్తాయి. స, త, క, ఫ లాంటి హల్లులు జారిపోతాయి. సాత్, బాత్, రాత్, హాత్ అన్నీ ఒక్కలాగే వినబడతాయి. తెలుగులో పాలు, కాలు, చాలు కూడా అంతే. అందుకే సౌండ్ ఎంత పెంచినా 'ఆలు' పెద్దదవుతుంది తప్ప అది పాలో కాలో తేలదు. మెషీన్ పెట్టించాలన్నారు, పెట్టిస్తున్నాం. కానీ అజాన్‌కి ముందు లేచే మనిషికి చెవులు పూర్తిగా పోయాయని మేం ఎలా నమ్మాం? కసూర్ సగం వైరుది, సగం మాది. వయసు మీద నెట్టేస్తే వెతికే పని ఉండదు కదా.

మీ ఇంట్లో కూడా అమ్మీనో నానీనో "వినబడట్లేదు" అంటే ముందు "ఏం వినబడట్లేదు?" అని అడగండి. చప్పుడా, మాటా? తర్వాత టెస్ట్ టోన్ పెట్టి చూడండి. డాక్టరు దగ్గరికి కూడా తప్పకుండా తీసుకెళ్లండి. ఒకటి చేశామని ఇంకోటి మానొద్దు.

ఆ రాత్రి దర్బార్ సీను మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అమ్మీ చేతిలో తస్బీహ్ ఆగిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను రిమోట్ ఆమె చేతికి ఇవ్వబోయాను. తీసుకోలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"ఇదర్ ఆ బేటా. సామ్‌నే బైఠ్. బచ్చీ రిష్తా గురించి ఆ రోజు మీరేం మాట్లాడుకున్నారో నాకు ఒక్క ముక్క తెలియలేదు. పిల్లవాడు ఏం చేస్తాడు? మన పిల్లని అడిగారా లేదా?"

తమ్ముడు టీవీ ఆపేశాడు. ఆమె ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.