ఉలికో వేళ, నిద్రకో వేళ

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో మాట వినబడాలంటే గ్రైండర్ ఆగాలి. మేం వెళ్లిన పందిరి కింద అది సాయంత్రం ఆరింటికే ఆగింది. పక్క షెడ్లలో లైట్లు వేసి చెక్కుతూనే ఉన్నారు. ఈ శిల్పి మాత్రం ఉలులు సర్దేస్తున్నాడు.

ఆయనకు బైపోలార్ జబ్బు. ఒకసారి ప్రతిష్ఠ ముహూర్తం తరుముకొస్తుంటే వరసగా రాత్రిళ్లు మేలుకుని విగ్రహం పూర్తి చేశాడు. పని అయిపోయినా నిద్ర రాలేదు, మాట ఆగలేదు. కనబడిన వాళ్లందరి దగ్గరా అడ్వాన్సులు తీసుకున్నాడు. ఆపైన నెలల తరబడి మంచం దిగలేదు. "గాలి సోకిందన్నారు, తాగుడన్నారు. జబ్బని చెప్పింది డాక్టరే" అంటుంది భార్య.

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి లిథియం బిళ్ల. ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ రాశారు. మంచి మందే, కానీ కాస్త ఎక్కువైతే విషం. రక్తంలో దాన్ని మామూలుగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. చెమటతో నీరూ ఉప్పూ పోతే మూత్రపిండాలు లిథియాన్ని సరిగా బయటికి వదలవు. నంద్యాల ఎండల్లో రాయి కొట్టేవాడికి ఇదే గండం. అందుకే ఎండాకాలంలో ఆయన పని తెల్లవారుజామునే మొదలవుతుంది, పదింటికల్లా ఆగుతుంది. నీళ్ల క్యాను చేతికందే దూరంలోనే ఉంటుంది. మణికట్టు నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనడం మానేశాడు. అదీ లిథియం మట్టాన్ని పెంచుతుంది. చేతుల్లో సన్నటి వణుకు ఈ మందుతో వచ్చేదే. విగ్రహం కళ్లు, పెదవులు తీర్చే పనిని అది తక్కువగా ఉన్న పూటకు పెట్టుకుంటాడు. వణుకు ముదిరినా, నడక తూలినా, వాంతులైనా ఇక ఆగేది లేదు, ఆస్పత్రికే.

రక్తపరీక్షకు నంద్యాల వెళ్తారు. బిళ్ల వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయాలి కాబట్టి పొద్దున్నే బస్సెక్కాలి. రాత్రిపూట గాభరా పుడితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఆ ఉచిత సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు.

శివరాత్రికి మహానంది వెళ్తారు కానీ జాగారం భార్య ఒక్కతే చేస్తుంది. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుందని ఆయనకు తెలుసు.

మేం ఉండగానే ఒక గుడి పెద్ద వచ్చాడు. "నెలలో కావాలప్పా, రాత్రి పని చేస్తే అయిపోదా?" "రాత్రి చెయ్యనన్నా. రెండు నెలలు పడతాది." వచ్చినాయన కాసేపు నసిగి, పక్క షెడ్డుకు నడిచాడు. అడ్వాన్సులన్నీ రాసుకునే నోటుపుస్తకం ఇప్పుడు భార్య చేతిలో ఉంటుంది. ఆ నెలకు అందులో ఒక్క ఆర్డరే ఉంది.