దుబాయి నుంచి ముంబై సరే, ముంబై నుంచి మెట్‌పల్లికి?

విమానం టికెట్ గురించి మన క్యాంపులో ఎవరినడిగినా చెబుతారు. ఏ నెలలో ధర దిగుతుంది, ఏ విమానంలో 30 కిలోలు ఇస్తారు, ఏ ట్రావెల్స్ వాడు పది దిర్హాములు తక్కువకు చేసిస్తాడు, అన్నీ నోటికొచ్చు. అదే మనిషిని "ముంబైల దిగినంక ఊరికెట్ల పోతవే అన్నా?" అని అడగండి. "ఏదో ఒక బండి దొరుకతది తియ్" అంటాడు. ఇరవై ఏళ్ల కింద ఆ మాట చెల్లింది. ఇప్పుడు చెల్లదు. మా రూములో ఒక తమ్ముడికి ఈ మధ్య ఇదే పెద్ద కష్టమై కూర్చుంది కాబట్టి, నాకు తెలిసినంతలో నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాది మెట్‌పల్లి దగ్గర పల్లె. 2006లో మొదటిసారి దుబాయి వచ్చాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో గానీ మొదలు కాలేదు. మా దిక్కు వాళ్లం చాలామందిమి ముంబై మీదుగానే వచ్చేది, పోయేది. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బాసర, నాందేడ్, పర్భణి, జాల్నా, ఔరంగాబాద్ (ఇప్పుడు దాని పేరు ఛత్రపతి సంభాజీనగర్), మన్మాడ్ దాటుకుంటూ తెల్లారేసరికి ముంబై. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే దారి. రాత్రి బండెక్కితే మర్నాడు పొద్దెక్కాక నిజామాబాద్.

ఆ రోజుల్లో సెలవుకు పోయే మనిషిని స్టేషన్‌లో దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. తాడుతో అడ్డంగా నిలువుగా కట్టిన పెద్ద కార్టన్, దాని మీద నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం. చేతిలో మింకు దుప్పటి సంచి. జనరల్ బోగీలో రుమాలు వేసి సీటు పట్టి అమ్మేవాళ్లు కూడా ఆ కార్టన్‌నే చూసి రేటు చెప్పేవాళ్లు. ఊరి కూలీకి ఇరవై అయితే దుబాయి వాడికి వంద. నేను మొదటి సెలవుకు పోయినప్పుడు వంద ఇవ్వనని కార్టన్ మీదే కూర్చుని పోయాను. అందులో అమ్మ కోసం తెచ్చిన పాలపొడి డబ్బా సొట్టపోయింది.

అది కష్టమే. అయినా అందులో ఒక నిబ్బరం ఉండేది. జేబులో రెండు మూడు వందలుంటే ఎప్పుడు దిగినా ఆ రాత్రి బండికి ఊరు చేరొచ్చు. వెయిటింగ్ టికెట్ ఉన్నా స్లీపర్‌లో ఎవరి కాళ్ల దగ్గరో ఒదిగి కూర్చునేవాళ్లం.

ఇప్పుడు రైలు ఖరీదైపోయిందా అంటే, నేను కాలేదనే అంటాను. 2025 జులైలో మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్ల స్లీపర్‌కు కిలోమీటరుకు ఒక పైసా పెంచారు, డిసెంబరులో ఇంకో రెండు పైసలు. ముంబై నుంచి నిజామాబాద్ ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. లెక్క వేస్తే రెండు పెంపులూ కలిసి ఇరవై రూపాయల చిల్లర, అంటే ఒక దిర్హాము లోపు. మొత్తం స్లీపర్ టికెట్ ఇప్పటికీ అయిదు వందల లోపే. ఇంత దూరం ఇంత తక్కువలో తీసుకుపోయేది ఇంకేదీ లేదు. (ముసలివాళ్లకిచ్చే రాయితీ, మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం, 2020 మార్చిలో తీసేశారు. నన్నడిగితే పైసల పెంపు కన్నా అదే మన ఇళ్లలో ఎక్కువ తగిలింది. హైదరాబాద్ ఆస్పత్రికి ఏడాదికి నాలుగుసార్లు తిరిగే అమ్మానాన్నలు మనకే కదా ఉన్నది.)

ధర తక్కువే, కానీ టికెట్ మన చేతికి రావడం లేదు. రైలులో ముందస్తు బుకింగ్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్లు, 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులైంది. రెండు నెలల ముందు సెలవు ఖాయమయ్యే అదృష్టం మనలో ఎంతమందికి ఉంది? ఫోర్‌మన్ ఊ అనాలి, ఆఫీసు ఊ అనాలి, పాస్‌పోర్టు చేతికి రావాలి. చాలాసార్లు వారం ముందు తెలుస్తుంది. చావు బతుకుల సంగతైతే రెండు రోజులు.

మా రూము తమ్ముడిది ఆర్మూరు దగ్గర ఊరు. సోమవారం సాయంత్రం ఫోను వచ్చింది, నాయనకు పక్షవాతం వచ్చిందని. మంగళవారం కంపెనీ సెలవిచ్చింది, టికెట్ కూడా ఇచ్చింది, కానీ హైదరాబాద్‌కు ధర ఎక్కువుందని గురువారం ముంబైకి ఇచ్చింది. అతను ఆ సాయంత్రమే క్యాంపు బయట దుకాణంలో రైలు టికెట్లు చేసే ఒకతని దగ్గరికి పోయాడు. డెబ్బై దిర్హాములు తీసుకుని ఒక కాగితం ఇచ్చాడు. రూముకు తెచ్చి నాకు చూపించాడు. వెయిటింగ్ 84.

"ఇది నడువది తమ్మీ" అన్నాను.

"టీటీకి చెప్పుకుంటే కూసోనిస్తడని అన్నడే అన్నా."

కూర్చోనివ్వరు. 2025 మే 1 నుంచి వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీల్లోకి రానివ్వడం లేదు. కౌంటర్‌లో కొన్న వెయిటింగ్ టికెట్ అయితే జనరల్ బోగీలోనన్నా పనికొస్తుంది. ఫోనులో, కంప్యూటర్‌లో చేసిన వెయిటింగ్ టికెట్ చార్టు తయారైనప్పుడు ఖాయం కాకపోతే తనంతట తానే రద్దవుతుంది. దానితో ఎక్కితే టికెట్ లేకుండా ఎక్కినట్టే లెక్క. చార్టు ఇప్పుడు రాత్రి బండికి పది గంటల ముందే వేస్తున్నారు. రాత్రి బండికి మధ్యాహ్నానికల్లా తెలుస్తుంది. అప్పటికి మనిషి ముంబైలో దిగి, సంచులతో నిలబడి ఉంటాడు.

ఇంకో సంగతి. రద్దయిన టికెట్ డబ్బు ఏ ఖాతాలో నుంచి కట్టారో ఆ ఖాతాకే పోతుంది, అంటే టికెట్ చేసినవాడికి. టికెట్ మీద ఫోన్ నంబరు కూడా అతనిదే పెట్టుకుంటాడు, కాబట్టి రద్దయిన మెసేజీ కూడా మనకు రాదు. తమ్ముడికి మూడు వారాల తర్వాత ముప్పై దిర్హాములు ఇచ్చి, మిగతాది సర్వీసు చార్జీ అన్నాడట ఆ పెద్దమనిషి. సొంత ఐడీ మీద టికెట్లు చేసి లాభానికి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. అట్లాంటి టికెట్ పట్టుబడితే రద్దు చేస్తారు, నష్టపోయేది ప్రయాణికుడే.

మిగిలిన దారి తత్కాల్. బండి బయలుదేరే ముందు రోజు ఇండియా టైము పొద్దున పదింటికి ఏసీ, పదకొండింటికి స్లీపర్ తెరుస్తారు. దుబాయిలో అది ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ అన్నలకు ఏడున్నర, ఎనిమిదిన్నర. స్లీపర్‌కు అదనంగా వంద నుంచి రెండు వందల రూపాయల మధ్య పడుతుంది, అంతే. ఆ గంటకు మనం ఎక్కడుంటాం? సైటులో, బెల్టు కట్టుకుని, ఫోను లాకర్‌లో పెట్టి.

ఇప్పుడు దీనికి ఆధార్ కూడా తోడైంది. 2025 జులై 1 నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించినవాళ్లే తత్కాల్ చేసుకోగలరు, అదే నెల 15 నుంచి ఓటీపీ కూడా కొట్టాలి. ఏజెంట్లకు మొదటి అరగంట బుకింగ్ లేదు. ఇది మంచి పనేనని నా ఉద్దేశం, దళారులు రెండు నిమిషాల్లో ఊడ్చుకుపోయేది కొంత తగ్గుతుంది. కానీ మన సంగతి వేరు. తమ్ముడి ఆధార్‌కు ఉన్న నంబరు నాలుగేళ్ల కింద ఇక్కడికి వచ్చేటప్పుడు వాడినది. రీచార్జి లేక అది ఎప్పుడో పోయింది. మంగళవారం రాత్రి ఆ నంబరుకు ఫోను కొడితే ఎవరో హిందీలో మాట్లాడారు. కంపెనీ ఆ నంబరును ఇంకొకరికి ఇచ్చేసింది. ఇక ఓటీపీ ఎక్కడిది?

చివరికి పని చేసింది అతని బామ్మర్ది, డిగ్రీ చదివే పిల్లగాడు. ఆ రాత్రే తన ఖాతాకు తన ఆధార్ జోడించుకున్నాడు. నియమం ఏమిటంటే, ఖాతా ఉన్నవాడి ఆధార్ చాలు, ప్రయాణం చేసేవాడిది అక్కర లేదు. ఇంట్లోవాళ్లకు టికెట్ చేసిపెట్టడంలో తప్పు లేదు. పేరు, వయసు, పాస్‌పోర్టులో ఉన్నట్టే స్పెల్లింగు రాత్రే రాసి పంపాం. బుధవారం నాకు నైట్ డ్యూటీ దిగి రూములో ఉన్నాను కాబట్టి బోటిమ్‌లో అతనితో లైనులో ఉన్నాను. తొమ్మిదిన్నర కాగానే పేజీ తిరుగుడు మొదలుపెట్టింది. ఒకసారి పైసలు కట్టేకాడ ఆగింది. "మామా, వచ్చింది, వచ్చింది, సైడ్ అప్పర్!" అని పిల్లగాడు అరిస్తే పక్క మంచం మీద పడుకున్న బంగ్లా భాయి లేచి కూర్చున్నాడు. టికెట్ మొత్తం ఆరు వందల లోపే. తత్కాల్ ఖాయమైన టికెట్ రద్దు చేస్తే పైసా రాదు, అది మాత్రం గుర్తుంచుకోవాలి.

తమ్ముడు శుక్రవారం మధ్యాహ్నం నిజామాబాద్ ఆస్పత్రికి చేరాడు. నాయనకు మాట పోయింది గానీ కొడుకును చూసి చెయ్యి పట్టుకున్నాడట. పన్నెండు రోజులుండి వచ్చాడు.

ఇవన్నీ చూశాక మా రూములో ఎనిమిది మందిమి సెలవు రాక ముందే చేసుకున్న పనులు కొన్ని ఉన్నాయి. ఆధార్‌కు ఉన్న సిమ్ ఏదో కనుక్కుని, బతికి ఉంటే చిన్న రీచార్జితో బతికించుకున్నాం. లేనివాళ్లం ఈసారి ఊరికి పోయినప్పుడు ఆధార్ సెంటర్‌లో నంబరు మార్చుకోవాలని రాసి పెట్టుకున్నాం. ఇంట్లో చదువుకున్న ఒకరి ఖాతాకు ఆధార్ జోడించి ఉంచాం. ఓటీపీ మాత్రం ఇంటి మనిషికే చెప్పాలి, దుకాణం వాడు అడిగినా, బ్యాంకు నుంచి అని ఎవడు అడిగినా చెప్పొద్దు.

ముంబైలో దిగేవాళ్లకు ఒక మంచి మార్పు వచ్చింది. 2025 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను పూర్తిగా నడుస్తోంది. ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2 దగ్గర ఎక్కితే సీఎస్ఎంటీ స్టేషన్ దగ్గర దిగొచ్చు. టాక్సీ వాడితో హిందీలో కొట్లాట తప్పుతుంది. పెద్ద కార్టన్లుంటే మాత్రం టాక్సీయే. రైలు స్లీపర్‌లో ఉచితంగా 40 కిలోల దాకా తీసుకుపోవచ్చు, విమానంలో తెచ్చిన సామానుకు అది చాలు.

హైదరాబాద్ టికెట్ దొరికితే అదే మేలు కాదా అంటారు. వంద, నూటయాభై దిర్హాముల తేడా అయితే నేనూ హైదరాబాదే అంటాను. జేబీఎస్‌లో ఎక్కితే మెట్‌పల్లిలో దించే బస్సులున్నాయి. తేడా మూడు నాలుగు వందలైనప్పుడు, పైగా కంపెనీయే ముంబైకి ఇచ్చినప్పుడు, రైలు లెక్క వస్తుంది.

మా ఊళ్ల మీదుగా కూడా ఇప్పుడు పట్టాలున్నాయి. పెద్దపల్లి, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిజామాబాద్. 1993లో పీవీ గారు ప్రధానిగా ఉండగా పునాది పడింది, నిజామాబాద్ దాకా బండి నడిచింది 2017లో. ఇరవై నాలుగేళ్లు. ఆ పునాది నాటికి బడికి పోతున్నవాళ్లం మేం, బండి వచ్చేసరికి గల్ఫ్‌లో సగం జీవితం గడిచింది. పట్టాలు వచ్చినంతగా బండ్లు రాలేదు, అది వేరే మాట. మా పక్క రూము కోనసీమ అన్న ఈ మాట వింటే నవ్వుతాడు, "మీకు పట్టాలైనా ఉన్నాయిరా, మా అమలాపురం సంగతేంటి" అని.

నా సెలవు దసరాకు అడిగాను, ఇంకా ఊ అనలేదు. మా ఇంటామె మాత్రం గోడ క్యాలెండర్‌లో అరవై రోజుల ముందు తేదీకి సున్నా చుట్టింది. ఆ పొద్దున ఇండియాలో ఎనిమిదింటికి బుకింగ్ తెరిచేసరికి ఇక్కడ ఆరున్నర, నేను కంపెనీ బస్సులో ఉంటాను. సెలవు రాకపోతే రద్దు చేసుకున్నందుకు కొంత కోత పడుతుంది, పడనీ అంది.