ఎండిపోని గడ్డి

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరానికి పోయే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఇబ్రహీంపట్నం ఉన్నది. ఎల్బీనగరు దాటాక తుర్కయంజాల్, బొంగుళూరు, శేరిగూడల మీదుగా బస్సు పోతుంది. దారి పొడుగునా ఎర్రనేల. అక్కడక్కడ ఏనుగులు పడుకున్నట్టుగా పెద్ద పెద్ద రాతిగుండ్లు కనిపిస్తాయి. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాళ్ళు. ఆ రాయే ఎండకూ వానకూ అరిగి అరిగి ఈ ఎర్రమట్టి అయింది. దీన్ని ఇక్కడి రైతులు చల్కనేల అంటారు. నల్లరేగడి మాదిరిగా ఇది నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచలేదు. నీరు పోస్తే గబగబా తాగుతుంది, అంత గబగబా ఎండిపోతుంది.

ఇటువంటి నేలలో బతకాలంటే వానాకాలపు నీటిని ఎక్కడైనా దాచుకోవాలి. ఆ సంగతి పూర్వులకు బాగా తెలుసు. 1550 నుంచి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీదనే ఈ ఊరు వెలసింది. తెలుగు కవులను ఆదరించినందుకు వారు ఆయనను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. ఊరి పక్కన ఆయన కాలంనాటి పెద్దచెరువు ఉన్నది. దాని విస్తీర్ణం వెయ్యి ఎకరాల పైమాటే. ఈ చెరువుకు దూరం నుంచి నీరు తేవటానికి నిజాముల కాలంలో ఫిరంగి నాలా అనే కాలువ కూడా తవ్వారు. తరవాత తరవాత కాలువ పూడిపోయింది. చెరువు నిండని ఏళ్ళు ఎక్కువయ్యాయి. ఇళ్ళలో బోర్లు లోతుకు దిగాయి.

ఇప్పుడు ఊరి చుట్టూ చూస్తే కొత్త కాలనీలు, తోటల మధ్య ఇళ్ళు, ఆదిబట్ల వైపు విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలు కనిపిస్తాయి. మే నెలలో వచ్చామంటే ఒక వింత కూడా చూడవచ్చు. రోడ్డు పక్క గడ్డి అంతా ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. చెట్ల ఆకులు వాడి ఉంటాయి. కాని కొన్ని ఇళ్ళ ముంగిట మాత్రం గడ్డి చిలకపచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. దానికి ఎవరూ నీళ్ళు పోయరు, ఎవరూ కత్తిరించరు. దగ్గరికి పోయి ఒక పోచ లాగి చూస్తే తెలుస్తుంది, అది గడ్డి కాదు, ప్లాస్టిక్కు!

ఈ గడ్డి ఎక్కడ పుట్టింది? 1965లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోడోమ్ అనే క్రీడాశాల తెరిచారు. అంత పెద్ద మైదానానికి పైకప్పు వేయటం అదివరకు ఎవరూ ఎరుగరు. లోపలి గడ్డికి ఎండ తగలాలని పైన వెలుతురు దిగే పలకలు అమర్చారు. అయితే ఆ పలకల మెరుపులో ఆటగాళ్ళకు పైకి లేచిన బంతి కనిపించలేదు. సరే అని పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది కాని ఎండ లేక గడ్డి చచ్చిపోయింది! అప్పటికే మోన్‌శాంటో కంపెనీ శాస్త్రజ్ఞులు నైలానుతో గడ్డి తయారుచేసి, 1964లో ఒక బడి మైదానంలో పరిచి ఉన్నారు. ఆ గడ్డినే 1966లో ఆస్ట్రోడోమ్‌లో వేశారు. అందుచేత దానికి ‘ఆస్ట్రోటర్ఫ్’ అనే పేరు వచ్చింది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని ఇటువంటి గడ్డి మీద ఆడారు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన మన జట్టు ఆ ఏడు ఏడవ స్థానంతో తిరిగివచ్చింది.

ఎండ తగలని చోట గడ్డి కావలసి వచ్చి పుట్టిన ఈ వస్తువు ఇప్పుడు మండుటెండలో మన ముంగిట పరచుకుంటున్నది. మనుషులకైతే చెప్పులున్నాయి. కుక్కకు లేవు.

ఇటువంటి ఇంట్లో ఒక కుక్క ఉన్నదనుకుందాం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటల వేళ. పిల్లవాడు బంతి విసిరాడు. కుక్క ఉత్సాహంగా పరుగెత్తి, నాలుగు అడుగులు వేసి, కాలు పైకెత్తి ఆగిపోయింది. తరవాత వెనక్కి తిరిగి వరండా నీడకు వచ్చేసింది. “దీనికి ఆట మీద మనసు లేదు” అని పిల్లవాడు విసుక్కుంటాడు. కాని దానికి మనసు లేక కాదు, దాని అరికాళ్ళు కాలాయి.

పచ్చగా ఉన్నది చల్లగా ఎందుకు లేదు? అసలు గడ్డి చల్లగా ఉండటానికి కారణం రంగు కాదు, చెమట. గడ్డి వేళ్ళతో నీరు తాగి ఆకుల గుండా ఆవిరిగా వదులుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే, అంతే చన్నీటిని మరిగే దాకా కాచటానికి పట్టే వేడికి సుమారు ఎనిమిది రెట్ల వేడి కావాలి. ఆ వేడినంతా గడ్డి ఎండ నుంచే లాక్కుంటుంది. ప్లాస్టిక్కు పోచకు వేళ్ళు లేవు, చెమట లేదు. పడిన ఎండనంతా అది తనలోనే ఉంచుకుని కాగిపోతుంది.

2002లో అమెరికాలోని బ్రిగాం యంగ్ విశ్వవిద్యాలయం వారు రెండు రకాల మైదానాలనూ కొలిచి చూశారు. అసలు గడ్డి సగటున 26 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే కృత్రిమ గడ్డి 47 డిగ్రీలు ఉన్నది. బాగా ఎండ కాసిన ఒక రోజున అది 93 డిగ్రీలకు ఎక్కింది! నీళ్ళు చల్లి చూశారు. వెంటనే చల్లబడింది కాని, 20 నిమిషాలు తిరిగేసరికి మళ్ళీ 70 డిగ్రీలు దాటింది. మన చర్మం మీద 60 డిగ్రీల నీరు కొద్ది క్షణాలు పడితేనే బొబ్బలెక్కుతుంది. ఇక కుక్క పాదం మాట చెప్పాలా?

మరొక సంగతి ఉన్నది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళ మెత్తల్లోనే. అది చాలదు కనుక నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడిని పోగొట్టుకుంటుంది. దాని ఒళ్ళు మామూలుగానే 38.5 డిగ్రీల వేడిగా ఉంటుంది. అది 41 డిగ్రీలకు చేరితే ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, గాలి విసిరి, పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.

ఎండ గొడవ తీరినా రెండవ చిక్కు మిగిలే ఉంటుంది. కుక్క మూత్రంలో యూరియా ఉంటుంది. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. ముక్కు పగిలే ఘాటు దానిదే. మట్టిలో అయితే మరికొన్ని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి, దాన్ని గడ్డి ఎరువుగా తినేస్తుంది. ఒకేచోట పదేపదే పోస్తే గడ్డి మాడుతుందనుకోండి, కాని వాసన మాత్రం నిలవదు. ప్లాస్టిక్కు గడ్డి కింద తినేవారెవరూ లేరు. మూత్రం చాప అడుగున చేరి ఎండుతుంది, మర్నాడు మళ్ళీ చేరుతుంది. వేసవిలో ఆ ఇంటి ముందు నిలబడటమే కష్టమవుతుంది.

అంటే, అసలు గడ్డి చల్లబరిచే పని, శుభ్రం చేసే పని జీతం లేకుండా చేసిపెడుతున్నది. దాని బదులు బొమ్మగడ్డి పరుచుకుంటే ఆ రెండు పనులూ ఇంటివారే చేయాలి. ఇది ముందే తెలుసుకున్నవారు గడ్డి వేసే తీరే వేరుగా ఉంటుంది.

మొదట చోటు చూడాలి. వేప, కానుగ వంటి చెట్టు నీడ గాని, ఇంటి తూర్పు వైపు గాని మంచిది. మధ్యాహ్నం తరవాత అక్కడ గోడ నీడ పడుతుంది. చెట్టు మొదట్లో మాత్రం మట్టి వదిలిపెట్టాలి. చెట్టుకూ నీరు కావాలి కదా.

తరవాత నేల. మూడు నాలుగు అంగుళాల మట్టి తీసి కంకర పరచాలి. దాని మీద సన్నని రాతిపొడి వేసి, తడిపి, గట్టిగా దిమ్మిస చేయాలి. గ్రానైటు నేల కనుక ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కంకరకు కరువు లేదు. ఒక మీటరు దూరానికి ఒకటి రెండు సెంటీమీటర్లు వాలు ఉండాలి. వాలు లేకపోతే మూత్రం, కడిగిన నీరు అక్కడే నిలుస్తాయి. మేడ మీద వేసేటప్పుడు గడ్డి కింద నీరు పారే సందులున్న పలకలు పరచి, నీరు గొట్టంలోకి పోయేటట్టు చూసుకోవాలి.

ఇక గడ్డి. పొడుగాటి పోచలు కంటికి ఇంపుగా ఉంటాయి కాని మలం వాటిలో చిక్కుకుంటుంది. కుక్క ఉన్న ఇంటికి 25, 30 మిల్లీమీటర్ల పొట్టి పోచ చాలు. అడుగు పట్టకు దగ్గర దగ్గరగా రంధ్రాలుండాలి. చాపలను కలిపిన చోట, అంచుల వెంట గట్టిగా అతికి మేకులు కొట్టాలి. కుక్కకు తవ్వటం, పీకటం పుట్టుకతో వచ్చిన అలవాట్లు. ఊడిన పోచలు మింగితే పేగులకు అడ్డుపడవచ్చు.

పోచల మధ్య నింపటానికి కొందరు నల్లని రబ్బరు గుళికలు వాడతారు. అవి ఎండను మరింత పీల్చుకుంటాయి. వాటి బదులు ఇసుక గాని, జియోలైటు అనే ఖనిజపు పొడి గాని మేలు. జియోలైటులో కంటికి కనిపించని పంజరాల వంటి గదులుంటాయి. అవి అమ్మోనియాను పట్టి బంధిస్తాయి. కొన్నాళ్ళకు గదులు నిండిపోతాయి. అప్పుడు ఉప్పునీరు పోస్తే ఉప్పులోని సోడియం ఆ గదుల్లో దూరి అమ్మోనియాను బయటికి తోస్తుంది. ఆ నీటిని మొక్కల మొదళ్ళలోకి పోనివ్వకూడదు. మహారాష్ట్రలో లావా గట్టిపడి ఏర్పడిన రాళ్ళలో అందమైన జియోలైటు స్ఫటికాలు దొరుకుతాయి. మన వికారాబాదు వైపు కూడా ఆ లావా రాయి ఉన్నది.

తరవాత రోజూ చేయవలసిన పని. మలాన్ని వెంటనే ఎత్తివేయాలి, మూత్రం పోసిన చోట వెంటనే నీళ్ళు కుమ్మరించాలి. ఘాటైన ఫినాయిలు వాడరాదు, కుక్క తన కాళ్ళు నాకుతుంది. బ్లీచింగు పొడి అసలే వద్దు. అది అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

“పోనీ, నీరైనా ఆదా అవుతుంది కదా” అని పెద్దలు అడగవచ్చు. అవుతుంది. వేసవిలో వంద చదరపు అడుగుల పచ్చికకు రోజుకు మూడు నాలుగు బిందెల నీరు పడుతుంది. బోరు ఎండిన ఇంట్లో అది చిన్న సంగతి కాదు. అయితే కుక్క ఉన్న ఇంట్లో కడగటానికి కొంత, చల్లబరచటానికి కొంత పోగా మిగిలే ఆదా అనుకున్నంత ఉండదు. పైగా ఏళ్ళు గడిచిన కొద్దీ పోచలు ఎండకు పెళుసెక్కి ముక్కలవుతాయి. పెద్దవాన వస్తే ఆ ముక్కలు కాలువలోకి, కాలువ నుంచి చెరువులోకి పోతాయి. అవి మట్టిలో కలిసిపోవు. మైదానాల్లో నింపే ప్లాస్టిక్కు, రబ్బరు గుళికల అమ్మకాన్ని 2031 నుంచి ఆపివేయాలని యూరపు దేశాల కూటమి 2023లో చట్టం చేసింది.

ఈ చిక్కులు లేని గడ్డి ఒకటి ఈ చల్కనేలలోనే ఉన్నది. వినాయకచవితికి మీరు కోసుకొచ్చే గరిక! వేసవిలో అది ఎండినట్టు కనిపిస్తుంది కాని నేలలో దాని దుంపవేళ్ళు బతికే ఉంటాయి. మొదటి వాన పడగానే మళ్ళీ చిగురిస్తుంది. వృక్షశాస్త్రంలో దాని పేరు ‘సైనోడాన్’. గ్రీకు భాషలో ఆ మాటకు ‘కుక్కపన్ను’ అని అర్థం. దాని మొగ్గలు వాడిగా కోరపళ్ళలా ఉంటాయని ఆ పేరు పెట్టారు. కుక్కలు అప్పుడప్పుడు గడ్డి కొరకటం సహజం. గరికను కొరికినా భయం లేదు, అది మందు చల్లినదై ఉండకూడదు, అంతే.

కాబట్టి కుక్క ఉన్న ఇంట్లో వాకిలంతా ప్లాస్టిక్కు పరచకుండా, కూర్చునే చోట నీడపట్టున కొద్దిగా వేసుకుని, మిగతాచోట గరికనో ఎర్రమట్టినో వదిలితే రెండూ సాగుతాయి. ఇప్పటికే పరిచి ఉంటే ఎండ ఎక్కాక కుక్కను దాని మీదికి తోలకుండా, నీడలో ఒక గిన్నెడు నీళ్ళు పెడితే సరి.

ఎండ ఎంత ఉన్నదో తెలుసుకునేందుకు ఒక చిన్న పరీక్ష. మధ్యాహ్నం పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని అరచేతి వెనకభాగం గడ్డికి ఆనించండి. ఏడు లెక్కపెట్టండి. తరవాత చెట్టు నీడలో మట్టి మీద, గరిక మీద, సిమెంటు మీద కూడా అలాగే చేసి పోల్చి చూడండి. ఎక్కడైనా ఏడు అంకెలు పూర్తికాకుండానే చెయ్యి వెనక్కి వచ్చిందంటే, అక్కడికి మీ కుక్కను సాయంత్రం దాకా పోనివ్వకండి. కాళ్ళు కాలుతున్నాయని అది నోటితో చెప్పలేదు.